బంతంతా ఎడంచేత్తో

డెబ్బైల్లో బెజవాడలో మా నాన్నకో ఫోటో స్టూడియో ఉండేది. ఉన్నట్టుండి ఆయనకు సినిమా పిచ్చి పట్టి పాత మూవీ కెమెరా ఒకటి కొన్నారు. తాళం తిప్పి వదిలితే అరనిమిషం గిరగిరా తిరిగేది. దాన్ని చేత్తో పట్టుకోవాలని నా ప్రాణం కొట్టుకుపోయేది. డిగ్రీ పూర్తిచేసి స్టూడియోలోనే పనిచేస్తున్నా, నాన్న నన్ను దాని దరిదాపులకు రానిచ్చేవారు కాదు. తీసిన ఫిల్మును సిద్ధం చెయ్యడం ముందు నేర్చుకోమన్నారు.

"ఒక్క సినిమా తప్పు లేకుండా అతికించు. కెమెరా నీ చేతికిస్తా," అన్నారు.

అప్పుడే ఉయ్యూరులో ఒక హెడ్మాస్టరుగారు తన కూతురి పెళ్ళి సినిమా తీయమన్నారు. పెళ్ళికి వారం ముందు హెడ్మాస్టరుగారి అమ్మగారు జారిపడి కాలికి కట్టుతో మంచమెక్కారు. చర్చికీ విందుకూ రాలేని ఆ మామ్మగారి కోసమే ఈ సినిమా.

ఫిల్ము మద్రాసులో కడిగించుకుని, బొమ్మ కనిపించే కాపీ తెప్పించుకున్నాం. ఆ తర్వాతంతా నా పని. మెత్తబడిన నా పాత మంగళగిరి చీర ముక్కతో దుమ్ము తుడవాలి. వెలుతురుకు ఎత్తి చూసి, ఏ ఘట్టానికా ఘట్టం కత్తిరించాలి. నంబరు కాగితం గుచ్చి దండేనికి క్లిప్పులతో వేలాడదీయాలి. చివరికి వరసలో అతికించాలి.

ఇందులో ఒక తిరకాసుంది. ఆ ఫిల్ముకు రెండంచులా చిల్లులే. ఎటు తిప్పి అతికించినా మెషీన్లో చక్కగా పరిగెడుతుంది, కానీ తిరగేస్తే బొమ్మ అద్దంలో చూసినట్టు కుడి ఎడమైపోతుంది. అందుకని నాన్న ప్రతి ముక్క కొసనూ పెదవికి ఆనించి చూడమనేవారు. అంటుకున్న వైపు బొమ్మ వైపు; అన్ని ముక్కలకూ అది ఒకే పక్కకు ఉండాలి.

చెప్పొద్దూ, నాకు పొగరెక్కువ. ఆ మధ్యాహ్నం కొత్తావకాయ కలుపుకుని రెండు వాయిలు లాగించి వచ్చాను. పెదవులు మండిపోతున్నాయి, కడిగినా నూనె జిడ్డు పోలేదు. ఈ మూతితో ఫిల్ము ముట్టుకుంటే మచ్చ పడుతుంది. కంటికి ఆ మాత్రం తెలీదా అనుకుని, మిగిలిన విందు ముక్కను చూపుతోనే అంచనా కట్టి అతికించేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక హెడ్మాస్టరుగారింట్లో కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడకు తెల్లపంచె కట్టి సినిమా వేశాం. వియ్యాలవారూ వచ్చారు. చర్చి ఘట్టం దివ్యంగా నడిచింది. తర్వాత విందు వచ్చింది. పెళ్ళికూతురి పైట కుడిభుజం మీదుంది. పెళ్ళికొడుకు ఎడంచేత్తో ఆమె నోట్లో మిఠాయి పెట్టాడు. పాస్టరుగారితో సహా బంతంతా ఎడంచేత్తో అన్నం కలుపుకుంటోంది. మా వాళ్ళు ఇలా తింటారనా మీ సినిమా అని వియ్యపురాలు అడగనే అడిగింది. నాన్న నావైపు ఒక్క చూపు చూశారు. ఇంకేం కెమెరా, అయిపోయింది నా పని అనుకున్నాను. ఏడుపొచ్చేసింది.

అప్పుడు మంచం మీంచి పకపకా నవ్వు వినిపించింది. మామ్మగారు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, ఎడంచెయ్యి చాపి పాత వాత మచ్చ చూపించారు.

"నాది పుట్టుకతో పుర్రచెయ్యండీ. ఎడంచేత్తో తింటన్నానని మా అమ్మ గరిటె కాల్చి వాత పెట్టింది. ఇన్నేళ్ళకి బంతంతా నాలాగ తింటంటే చూశాను. దీన్ని సరిచేశారంటే ఊరుకోను."

అతికించింది ఎవరని అడిగి నన్ను దగ్గరికి పిలిచారు. వచ్చే నెల తన పెద్దమనవడి కొడుకు బాప్తిస్మానికి సినిమా ఈ అమ్మాయే తియ్యాలని నాన్నకు ఖరాఖండిగా చెప్పేశారు. ఆవిడ మాట నాన్న కాదనలేకపోయారు.

తిరుగు బస్సులో కంకిపాడు దాటాక నాన్న నావైపు తిరిగారు. ఆవకాయ తిన్నావు కదూ అన్నారు. తలూపాను. కెమెరా ఇస్తానుగానీ అతికించే పని ఉన్నన్నాళ్ళూ ఆవకాయ బందన్నారు.

బాప్తిస్మం నాడు కెమెరా నా చేతిలో ఉంది. తాళం గట్టిగా తిప్పాను. కేకు పంచుతుంటే మామ్మగారు నాకేసి సూటిగా చూశారు. వియ్యపురాలి ఎదుటే ఎడంచేత్తో ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నారు.

ఆ ముక్కను అతికించే ముందు మూడుసార్లు పెదవికి ఆనించి చూసుకున్నాను. ఆవిడ ఎడంచెయ్యి తెర మీద ఎడంచెయ్యిగానే కనపడాలి.