రంగం చెట్లకు నీళ్ళు

ఎవరికైనా దెయ్యం పట్టిందంటే, ముందు కడుపునిండా అన్నం పెట్టి చూడమనే మనిషిని నేను. ఇప్పటికీ నాది అదే మాట. చెబితే నన్ను నేనే వెక్కిరించుకున్నట్టు ఉంటుందని ఈ సంగతి ఇన్నాళ్ళూ బయట పెట్టలేదు.

అరవైల చివర్లో జరిగింది. మాది చీపురుపల్లి. మా ఆయనకు అక్కడ పచారీ కొట్టు ఉండేది. మా మావగారు వయసులో ఉండగా రంగం, అంటే రంగూన్ వెళ్ళి, అక్కడ ఒక చీనా అతని దగ్గర పళ్ళేల్లో చెట్లను పొట్టిగా పెంచే విద్య నేర్చుకొచ్చారు. బోన్సాయ్ అనే మాట మాకప్పుడు తెలీదు. రంగం చెట్లు అనేవాళ్ళం. ఆయన పోయేనాటికి ఒక చింత, ఒక జువ్వి, ఒక వేప మిగిలాయి. మూరెడు ఎత్తు కూడా ఉండవు. మా అత్తగారికి మాత్రం వాటి మీదున్న ప్రేమ తన మీద లేదని మా ఆయన ఉడుక్కునేవారు.

పళ్ళెంలో మట్టి నాలుగు వేళ్ళ లోతు. ఎండాకాలంలో ఒక పూట నీళ్ళు తప్పితే ఆకు వాడిపోతుంది. ఇంకో పూట కూడా తప్పితే ఆశ వదులుకోవడమే. అందుకని మావగారు పోయాక అత్తగారు ఊరు దాటలేదు. శ్రీకూర్మం వెళ్దామన్నా, "నానొస్తే ఆటికి నీల్లెవులు పోస్తారే?" అనేవారు. పక్కింటి సూరమ్మకు అప్పజెబుదామంటే, పరాయి చెయ్యి పడనిచ్చేవారు కాదు.

ఆవిడకు ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదానికి శుక్లం ముదిరింది. ఆపరేషన్ ఆలస్యమైతే అదీ దక్కదని విజయనగరంలో కంటి డాక్టరు చెప్పారు. చెట్లను వదిలి రానంటే రానని ఆవిడ భీష్మించుకు కూర్చున్నారు.

ఉపాయం నేనే చెప్పాను. పాత చీర చింపి వత్తులు పేని, ఒక కొస నీళ్ళకుండలో, ఒక కొస పళ్ళెం మట్టిలో పెట్టాం. నీరు వత్తి వెంట దానంతటదే దిగి మట్టి తడిపింది. అది కళ్ళారా చూశాకే ఆవిడ సరేనన్నారు.

మా వైపు ఊరెళ్ళేటప్పుడు "ఎల్తాను" అని ఊరుకోం. ఎప్పుడొస్తామో కూడా చెప్పి కదులుతాం. ఆవిడ వసారాలో చెట్ల ముందు వంగి, చంటిపిల్లల్ని మభ్యపెట్టినట్టు, "రేపు పొద్దున్నే వచ్చి నీల్లు పోస్తాను, బెంగెట్టుకోకండి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఇంటికి తాళం వేసి ముగ్గురం విజయనగరం రైలెక్కాం.

ఆ రోజే ఆపరేషన్ చేసి, కంటికి కట్టు కట్టి, తల కదలకుండా రెండు పక్కలా ఇసక మూటలు పెట్టారు. తల వంచితే కన్ను పోయినట్టేనని డాక్టరు మరీ మరీ చెప్పారు. నేను కునికితే మా ఆయన, ఆయన కునికితే నేను కాపలా కాశాం.

మర్నాడు పొద్దున్న ఆవిడ చేతులు తుడవబోయాను. వేళ్ళు తడిగా ఉన్నాయి. గోళ్ళలో నల్లమట్టి. నర్సు చూసి, "ఏటమ్మా, కిందికి దిగనిచ్చినారేటి?" అని కేకలేసింది. ఆ ఆసుపత్రంతా సిమెంటు నేల. అత్తగారిని అడిగితే, "పోసేసినాను" అని మాత్రం అన్నారు, నిద్రలో మాట్లాడినట్టు.

తర్వాతి పొద్దున్నా అదే మట్టి. ఆ రాత్రి నా కొంగు ఆవిడ మణికట్టుకు ముడేసుకుని కూర్చున్నాను. తెల్లారేసరికి ముడి ముడిలాగే ఉంది. గోళ్ళలో మట్టీ ఉంది. అప్పుడు నిజంగా భయమేసింది. మా ఆయనకు కూడా చెప్పలేదు. తడిగుడ్డతో తుడిచేసి ఊరుకున్నాను.

కట్టు విప్పిన రోజు డాక్టరు గారి మొహం వాడిపోయింది. కుట్టు విడిపోయింది, బాగా వంగి పని చేసినట్టుంది అన్నారు. ఆవిడ మంచం దిగలేదని దేవుడి మీద ఒట్టేసి చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆ కన్ను కూడా పోయింది.

ఆ సాయంత్రమే ఇల్లు చేరాం. తాళంచెవి అంతవరకూ నా నడుముకే ఉంది. తలుపు తీస్తే వసారాలో నీళ్ళకుండ బద్దలై పడి ఉంది. పిల్లి పనై ఉంటుంది. వత్తులు ఎండి పుల్లల్లా బిగుసుకుపోయాయి. చెట్లు పోయాయే అనుకుంటూ మట్టి ముట్టుకున్నాను. చల్లగా, తడిగా ఉంది. మూడు పళ్ళేలూ అంతే.

వసారా మీద కప్పు ఉంది. వాన కూడా పడలేదట. సూరమ్మ గోడ మీంచి తొంగి చూసి, "రోజూ పొద్దున్నే నీల్ల సప్పుడినబడతాంటే మీరొచ్చేసినారనుకున్నానమ్మా" అంది.

 అత్తగారిని పట్టుకుని మెల్లగా చెట్ల దగ్గర కూర్చోబెట్టాను. వెళ్ళేటప్పుడు బోసిగా ఉన్న చింత ఇప్పుడు చిగురేసింది. కళ్ళు పోయిన మనిషికి ఏదో ఒక మంచి మాట చెప్పాలి కదా.

"అత్తమ్మా, చింత చిగురేసింది" అన్నాను.

"తెలుసునే" అన్నారావిడ, ఎంతో తృప్తిగా. "గోడవేపు కొమ్మకే గదా, ఎర్రగా. నిన్న పొద్దున్న సూసినాను."

చిగురు గోడవైపు కొమ్మకే ఉంది. ఎర్రగానే ఉంది. నిన్న పొద్దున్న ఆవిడ కంటికి కట్టు ఉంది, ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది. ఇదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఇంకెవరైనా చెప్పగలరేమో కూడా తెలీదు. ఈ లోకంలో ఆవిడ చివరిసారి చూసింది మాత్రం ఆ చిగురునే.