గల్లా మీది పెద్దాయన

మొన్న చిత్తూరులో మా తమ్ముడి హోటల్లోకి అడుగుపెట్టగానే సాంబ్రాణి వాసన తగిలింది. దానితోపాటే ఆరో తరగతిలో పడ్డ చిరాకూ గుర్తొచ్చింది.

ఊళ్ళో ఏదైనా పాతదాని చరిత్ర రాసుకురమ్మంది మా టీచరు. మా హోటలుండగా ఇంకేం వెతకాలి అనుకున్నాను. గల్లా పైన గుబురు మీసాలాయన పటం ఉండేది. రోజూ దానికి కనకాంబరాల మాల వేసి, సాంబ్రాణి పట్టాకే నాయన పొయ్యి మీద పెనం పెట్టనిచ్చేవాడు. హోటలు మొదలుపెట్టిన ముత్తాత ఆయనేనని నా నమ్మకం. పేరేమిటని నాయన్ని అడిగాను.

"బేరం టయిములో ఏంది పాపా! మీ అవ్వనడుగు."

అవ్వ చింతపండు పిసుకుతూ, "మా మామకు మీసాలు యాడివి? మీ నాయన్నే అడుగు" అంది.

ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి నాకు ఏడుపొచ్చింది. చివరికి అవ్వే విసుక్కుంది.

"ఈ ఇల్లు బాడుక్కి తీసుకున్నప్పుడే ఆ పటం గోడకు ఉన్నింది మే. ఎవురో ఏమో! తీసేస్తే బేరం పోతాదేమోనని మీ తాత తీయలా."

"మరి రోజూ నాచేత దండం ఎందుకు పెట్టించావు?" అని నాయన మీద అరిచాను.

"ఇన్నేండ్లు పూలు ఏసినాం. ఇంగా పరాయోడెట్లయితాడు?" అన్నాడు, తప్పు నాదే అయినట్టు.

ఇప్పుడు ఆ పటం కింద ఇత్తడి రేకు మీద 'వ్యవస్థాపకులు' అని చెక్కించాడు తమ్ముడు.

"ఎవర్రా వ్యవస్థాపకులు?"

"వచ్చినోళ్ళంతా అడగతా ఉండారక్కా. ఏదో ఒకటి చెప్పాల గదా!"

ఆ రేకు పెట్టినందుకు వాణ్ణి తిట్టాను. పెద్దాయనకు నిన్నటి వాడిపోయిన మాలే ఉంచినందుకు ఇంకా తిట్టాను.