ఏడో సంతకం

డోన్ కోర్టులో యేసుప్రసాద్ సివిల్ వకీలు. ఇరవై రెండేళ్ల ప్రాక్టీసు. ఎన్ని కేసులు గెలిచినాడంటే ఆయనే చెప్పలేడు. వాయిదా తేవడంలో మాత్రం ఆయనకు సాటి లేదని గుమాస్తాలందరూ ఒప్పుకుంటారు. మొదట్లో కక్షిదారు ఏడిస్తే ఆయనకు అన్నం దిగేది కాదు. ఇప్పుడు ఎవరు ఏడ్చినా ఫైలు తాడు ముడేసుకుంటూ వింటాడు.

రైల్వే గేటు అవతల చర్చివాళ్ల హాస్టల్ ఉంది. దాని కమిటీలో ఏడుగురు. లా తెలిసినవాడు ఒకడుండాలని ప్రసాద్‌ను పెట్టుకున్నారు. చిన్నప్పుడు ఐదేళ్లు ఆయన ఆ హాస్టల్లోనే రాహేలమ్మ చేతి సంగటి తిని పెరిగినాడు. ఆమె ఇంకా ఆడనే వండుతోంది. వంటింటి వెనక గది తప్ప ఆమెకు వేరే ఇల్లు లేదు.

ఆ గది పడగొట్టి కంప్యూటర్ గది కట్టాలని కమిటీలో మాట పుట్టింది. మీటింగు ముందురోజు రాహేలమ్మ కోర్టు మెట్ల మీదికే వచ్చి కూర్చుంది. తనను ఉండనిచ్చేట్టు నాలుగు మాటలు మాట్లాడమంది. మాట్లాడతాన్లే అన్నాడు. రోజుకు పదిమందితో అనే మాటే. ఆమెతో మాత్రం నిజంగానే అన్నాడు.

ఆ కమిటీకి ఒక పద్ధతుంది. చేతులెత్తడాలు ఉండవు. చివర్లో పాస్టరయ్య తీర్మానాలన్నీ ప్రార్థనలో పెట్టి దేవునికి విన్నవిస్తాడు. అందరూ ఆమేన్ అంటే ఏకగ్రీవం. కాదనేవాడు ఆలోపే చెప్పుకోవాల.

మీటింగు రోజు బోరు గురించి మాట్లాడినారు, గోడ సున్నం గురించి మాట్లాడినారు. గది మాట ఎవరూ ఎత్తలేదు. పిలవని కేసు వాయిదా పడినట్టే గదా అని ప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలినాడు. పాస్టరయ్య కళ్లు మూసుకున్నాడు. పిల్లల పరీక్షలడిగినాడు, వానలడిగినాడు, బోరులో నీళ్లడిగినాడు. అదే గొంతుతో, వెనక గది తీసి కంప్యూటర్లకు చోటు చేసే పనిలో మమ్మల్ని నడిపించు ప్రభువా అన్నాడు.

ఆమేన్ అన్నారు. ప్రసాద్ కూడా అన్నాడు. ప్రార్థన ఆగితే ఆ మాట దానంతట అదే వస్తుంది, పుట్టినప్పటి అలవాటు. కళ్లు తెరిచేసరికి సెక్రటరీ ఓబన్న మినిట్స్ బుక్కులో ఏకగ్రీవం అని రాస్తున్నాడు. గుండె దడదడలాడాల. ఆడలేదు.

వాకిట్లో రాహేలమ్మ టీ గ్లాసులతో నిలబడింది.

"మాట్లాడినావా నాయనా?"

"లేదు. ఆమేన్ అనేస్తి."

ఆమె గ్లాసు అందించింది. "నేనూ అంటిలే. పాస్టరయ్య అంతగా అడగతాంటే అనకుండా యాట్ల ఉంటాం?"

"ఏమడిగినాడో ఇన్లేదా?"

"అన్నాక ఇనబడింది."

టీ తాగి ప్రసాద్ లోపలికి పోయినాడు. ఆరు సంతకాలు పడినాయి. ఏడూ పడితేనే తీర్మానం చెల్లుతుంది, ఆ నిబంధన రాసిచ్చింది ఆయనే. సంతకం పెట్టనంటే సరిపోయేది. అనలేదు. తీర్మానం రాసిన తీరు ఒకసారి చూసి ఇస్తానని మినిట్స్ బుక్కు సంచిలో వేసుకున్నాడు.

అది ఈస్టర్ ముందు మాట. ఇప్పుడు ఇళ్ల మీద క్రిస్మస్ నక్షత్రాలు కడుతున్నారు. ఓబన్న వారానికోసారి ఫోన్ చేస్తాడు.

"ఏమప్పా వకీలూ, ఆ పుస్తకం మీద స్టే ఏమన్నా తెచ్చుకున్నావా?"

"చూస్తాండాప్పా. వచ్చే వారం."

దాన్ని ధైర్యమనడానికి లేదు. ఆయనకు తెలిసిన పని అదొక్కటే.

ఆదివారం చర్చి అయినాక ప్రసాద్ హాస్టల్‌కు పోతాడు. సంతకం పెట్టినావా అని రాహేలమ్మ అడగదు. పెట్టలేదని ఆయన చెప్పడు. ఆమె సంగటి ముద్ద నడుమ గుంత చేసి పప్పు పోస్తుంది. ఆయన తల వంచుకుని తింటాడు.