దుప్పట్ల డానియేలు చూసిన ఢిల్లీ

లాల్‌దర్వాజాలో దుప్పట్ల డానియేలు అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఢిల్లీ రైలు ఏసీ పెట్టెలో బెర్తు బెర్తుకీ దుప్పట్లు, దిండ్లు అందిస్తూనే అతను ముసలివాడయ్యాడు. పని మానేసినా నడక మారలేదు. ఇల్లు ఊగుతున్నట్టు కాళ్లు ఎడంగా వేసి, గోడకో చెయ్యి ఆనించి నడుస్తాడు. రైల్లో జనం కిటికీల దగ్గర పూరీ డబ్బాలు విప్పుకొని, ముక్కూ మొహం తెలియనివాళ్లతో వరసలు కలుపుకొని, చూసొచ్చినవి చెప్పుకొని నవ్వుకుంటుంటే, అతను మరుగుదొడ్డి పక్కన మాసిన దుప్పట్ల మూట మీద కూచుని వినేవాడు. చాయ్ హోటల్లో మాత్రం ఆ డానియేలే వేరు. "ఎర్రకోట ముంగట నిలవడితే మన చార్మినార్ గింతంత అనిపిస్తది భాయ్" అని చేతులు చాపి మరీ చెప్తాడు.

ఆ కబుర్లు వినీ వినీ భార్య బేబీ ఈ ఏడు తనకూ ఢిల్లీ చూపించమని పట్టుబట్టింది. అక్కడ రైలు దిగి, సంచి నెత్తికెత్తుకుని, "ఎటు పోవాల్నయ్యా?" అంది. డానియేలు ఇటు చూశాడు, అటు చూశాడు. చివరికి ఓ కూలీని ఆపి, "బాహర్ కిధర్ భాయ్?" అని అడిగాడు. బేబీ మొహం మాడిపోయింది.

"గిన్నేండ్లు పోయొచ్చినవ్, బయటికి తొవ్వ తెల్వదా?"

"ఎన్నడు దిగనిచ్చిన్రు బేబీ? దుప్పట్లు పోతయని బండితోనే యార్డుకు పోవుడు, మల్ల బండితోనే వాపస్ వచ్చుడు."

"మరి గంతగనం జెప్పిన ఢిల్లీ ఎవల్ది?"

డానియేలు ఆమె నెత్తి మీది సంచి అందుకున్నాడు.

"ప్యాసింజర్లది."