పనామా జెండా, గూడూరు రోడ్డు

రేపు విశాఖలో డ్యూటీకి ఓడ ఎక్కాలి. ఈ రోజు మా తెలంగాణ గూడూరు దగ్గర ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. ముందు ట్రాక్టర్లు, వెనక లారీలు, మధ్యలో నేనెక్కిన ఆటో. ఓడలో పనిచేస్తాను, వదలమని బతిమాలితే, వడ్డిస్తున్న అక్క అడిగింది:

"మీ ఓడ మీద ఏ జెండ ఉంటది?"

"పనామాది. ఓడ ఏ దేశంల రిజిస్టరైతే గా దేశం జెండనే కట్టాలె. రూలు."

"గా దేశం చూసినవా?"

"లేదక్కా. మా ఓనరు సుత గాడ ఉండడు."

"చూడని దేశం జెండ కింద ఏండ్లకేండ్లు ఉంటవు. మన జెండ కింద ఒక్క పూట కూసోమంటే గింత పరేషానా? తిను."

తిన్నాను. సాయంత్రమైనా రోడ్డు తెరవలేదు. ఓడ నా కోసం ఆగదు. పప్పుచారు బాగుండటం ఇంకా ఒళ్లు మండిస్తోంది. అక్కకు ఏం జవాబు చెప్పాలో తోచినవాళ్లు త్వరగా రాయండి. గరిటె పట్టుకుని మళ్లీ ఇటే వస్తోంది.