కుక్కలు లేని చోటు

ఒక మోటారుసైకిలు ఊరి మధ్యగా పోయింది. దాని వెంట ఒక్క కుక్క కూడా మొరగలేదు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

అప్పటికి పొద్దు కొండ వెనక్కి దిగిపోయింది. నల్లమల అంచున ఒక జామతోటలో, మాకిచ్చిన గుడారం ముందు నిలబడి పాపకు పాలు చల్లారుస్తున్నాను. తోట కంచె అవతల చిన్న ఊరు, ఆ ఊరి వెనక అడవి. బండి చప్పుడు మలుపు తిరిగి సన్నబడి ఆగిపోయింది. మా గుంటూరు వీధిలో అయితే చీకటిపడ్డాక ఏ బండి వెళ్ళినా కుక్కలు చక్రాల వెంట పడతాయి. ఇక్కడ కోళ్ళున్నాయి, గేదెలున్నాయి, ఎవరింట్లోనో టీవీ మోగుతోంది. కుక్క మాత్రం లేదు. మధ్యాహ్నం వచ్చినప్పటి నుంచీ ఒక్కటి కూడా కనపడలేదని అప్పుడు గుర్తొచ్చింది. జామచెట్టుకు కట్టేసిన మా కుక్క చెవులు నిక్కించి అడవి వైపే చూస్తోంది.

కుక్కలు లేవనే నేను ఆ చోటు ఎంచుకున్నాను.

అడవిలో గుడారం వేసుకుని పడుకోవాలని మా అబ్బాయి కోరిక. కుక్కను వదిలిపెట్టి రానని పాప మొండికేసింది. ఇద్దరూ దాన్ని తమ్ముడు అంటారు. దాన్ని అట్టపెట్టెలో ఇంటికి తెచ్చిన రోజున "ఇక నుంచి వీడు మీ తమ్ముడు" అని సరదాగా అన్నది నేనే. వాళ్ళు సరదాగా తీసుకోలేదు. నీకెంతమంది తోబుట్టువులని బళ్ళో అడిగితే పాప "అన్నయ్య, తమ్ముడు" అని చెప్పి వచ్చింది. తమ్ముడికి బారసాల ఎప్పుడు చేశారని వాళ్ళ టీచరు నన్ను అడిగే దాకా ఆ సంగతి నాకు తెలియదు.

పిల్లలు పడుకున్నాక ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని. చుట్టూ కంచె ఉందా, బాత్రూమ్ గుడారానికి దగ్గరేనా, కరెంటు పోతే దీపం ఉంటుందా, కుక్కను రానిస్తారా. పగలు గుడారాలు అద్దెకిచ్చేవాళ్ళకు ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసేదాన్ని. కొందరు కుక్క అనగానే కుదరదన్నారు. ఒకాయన, "తీసుకురండి మేడమ్, గేటు బయట కట్టేసుకుందురు" అన్నాడు. ఇదంతా వింటూ కూర్చున్న మా అత్తగారు, "నిన్ను మావాడికి చూసినప్పుడు కూడా మేమిన్ని వాకబులు చెయ్యలేదమ్మా" అన్నారు.

"అందుకే కదండీ నేను దొరికాను" అన్నాను. ఆవిడ నవ్వారు. నాకు మాత్రం నవ్వులాట కాదు. పిల్లలతో గడప దాటితే నాకు ఏ చోటూ నమ్మకంగా ఉండదు.

అందరినీ తప్పకుండా అడిగే మాట ఒకటుండేది. అక్కడ వీధికుక్కలు ఉన్నాయా? పోయినేడు మా వీధి మలుపులో పాపను కుక్క కరిచింది. ఇంజెక్షన్ వేసే గదిలో పాప నా మెడ పట్టుకుని ఏడ్చిన ఏడుపు నాకింకా వినపడుతుంది. జామతోట చూసుకునే పెద్దాయన ఫోనెత్తి, "ఒక్కటీ లేదమ్మా. వెతికినా దొరకదు" అన్నాడు. ఆ మాటతో ఖాయం చేసేశాను. చుట్టూ ఊరున్నప్పుడు కుక్కలెందుకు లేవని అడగాలన్న ఆలోచనే రాలేదు. చదువుకున్నదాన్ని, ఇంట్లో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసేదాన్ని, ఆ ఒక్కటీ అడగలేదు.

రెండో శనివారం కలిసొచ్చింది, బయల్దేరాం. వినుకొండ దాటే దాకా దారి పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు కారులో మా కుక్క ఒకటే తుమ్ములు. అది తుమ్మినప్పుడల్లా పిల్లలిద్దరూ "నూరేళ్ళు! నూరేళ్ళు!" అని దాని తల నిమిరారు. మావారు నవ్వీ నవ్వీ కారు పక్కకు ఆపుకున్నారు. ఆ రోజు మేమంత సంతోషంగా ఉన్నామన్నది కూడా ఇప్పుడు తలుచుకోబుద్ధి కాదు.

ఆ సాయంత్రం, చేతిలో పాలగ్లాసుతో అలాగే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. గేటు దగ్గర లైటు వేస్తున్నాడు.

"ఊళ్ళో కుక్కలెందుకు లేవండీ?"

"చిరుత ఉండనిస్తదా అమ్మా? తెచ్చినదాన్నల్లా ఎత్తుకపోతా ఉంటే ఎవరు పెంచుతారు?"

"ఫోన్లో చెప్పలేదేంటి మరి!"

"మీరు ఉన్నాయా అనడిగారు, లేవన్నా. లేవుగా!" అని నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. "మనుషుల జోలికి రాదులేమ్మా. పొద్దుగూకినాక మీదాన్ని లోపలేసుకోండి, చాలు. అది చెబుదామనే వస్తున్నా."

లోపలేసుకోండి. ఆయన ధైర్యం చెప్పడానికే అన్నాడు. నాకు ఆ మాట మరోలా వినపడింది. చిరుతకు కావలసింది కుక్క. కుక్క ఎక్కడుంటే అది అక్కడికి వస్తుంది. లోపల నా పిల్లలుంటారు.

మావారు దుప్పట్ల కోసం కారు దగ్గరికి వెళ్ళారు. నేను పిల్లలిద్దరినీ గుడారంలోకి పంపి, అయినా దాన్ని కూడా తెద్దామనే జామచెట్టు దగ్గరికి వెళ్ళి గొలుసు విప్పాను. సరిగ్గా అప్పుడే కంచె దగ్గర ఎండుటాకులు గలగలలాడాయి. ఏదో బరువైనది, కొమ్మలు విరుచుకుంటూ వస్తోంది. కుక్క ఒక్కసారి మొరిగి నా కాళ్ళకు చుట్టుకుంది. గొలుసు నా చేతిలోనే ఉంది. దాన్ని లాక్కుని రావచ్చు. అది బరువేం కాదు, ఎత్తుకుని కూడా రావచ్చు. గొలుసు వదిలేసి పరుగెత్తి, గుడారంలోకి దూరి, జిప్పు లాగేశాను.

అది గొలుసు ఈడ్చుకుంటూ నా వెనకే వచ్చింది. గుడ్డ మీద గోళ్ళతో గీకడం మొదలుపెట్టింది. మొరగడం లేదు, సన్నగా మూలుగుతోంది, ఇంట్లో తలుపు తియ్యమని అడిగినట్టే.

"అమ్మా, తమ్ముడు! తమ్ముడు బయటే ఉన్నాడు!" అంది పాప.

నేను రెండు చేతులతో జిప్పు పట్టుకుని ఉన్నాను. వేళ్ళు నొప్పి పుట్టేలా పట్టుకున్నాను. అబ్బాయి నా చేతులనే చూస్తున్నాడు.

టార్చి వెలుగు గుడారం మీద పడింది. పెద్దాయన "హోయ్, హోయ్" అని అదిలిస్తూ వెళ్ళాడు. "పందులు సార్! పక్క చేలో వేరుశనక్కాయలకి పడ్డాయి" అని కంచె దగ్గర నుంచి కేకేశాడు. మావారు గుడారం ముందు వంగి, "ఏంటే, దీన్ని బయట వదిలేశావు? జిప్పు తియ్యి" అన్నారు.

"రావట్లేదండీ, ఇరుక్కుపోయింది" అన్నాను.

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు. కాసేపు ఊరికే జిప్పును అటూ ఇటూ కదిలించి, తర్వాత తీశాను. కుక్క వణుకుతూ లోపలికి వచ్చింది. పిల్లల దగ్గరికి పోలేదు, నా ఒళ్ళోకి వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో అందరూ పడుకున్నాక నేనిది రాస్తుంటే కూడా నా పాదాల మీదే తల పెట్టుకుని నిద్రపోతోంది. దానికి తెలియదని అనుకుంటే బాగుంటుంది.

ఆ రాత్రి పెద్దాయన తన సిమెంటు గది మాకిచ్చి తను వసారాలో పడుకున్నాడు. తెల్లారి కాఫీ తాగుతూ మావారు ఆయన మీద విరుచుకుపడ్డారు. "పిల్లలుండే గుడారానికి పాడైన జిప్పు పెడతారా? నిజంగా చిరుతే అయ్యుంటే ఏంటి పరిస్థితి?"

పాప వాళ్ళ నాన్న పక్కన చేరి, "మీ జిప్పు వల్లే మా తమ్ముడు బయటుండిపోయాడు. మా అమ్మ ఎంత లాగినా రాలేదు" అంది.

పెద్దాయన గుడారం ముందు మోకాళ్ళ మీద కూర్చుని జిప్పు కిందికి లాగాడు, పైకి లాగాడు. నీళ్ళలా జారింది. మళ్ళీ లాగాడు. అప్పుడు తలెత్తి నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. "మంచుకి బిగుసుకుని ఉంటదిలే పాపా. తప్పు మాదే సార్, మార్పిస్తా" అని గుడారం మేకులు పీకడం మొదలుపెట్టాడు.

అబ్బాయి జిప్పును చూసి, నన్ను చూసి, తల దించుకున్నాడు. వాడు ఎవరికీ చెప్పడని నాకు తెలిసిపోయింది. నా కోసం అబద్ధం మొయ్యడానికి వాడు అప్పటికే సిద్ధపడిపోయాడు.

మావారు సామాను పట్టుకుని కారు వైపు నడిచారు. నేను పిల్లలిద్దరినీ జామచెట్టు దగ్గరికి పిలిచాను. కుక్క గొలుసు నా చేతిలో ఉంది. నిలబడి చెప్పలేక కింద కూర్చున్నాను.

"జిప్పు పాడవలేదమ్మా" అన్నాను. "నిన్న ఇరుక్కోలేదు కూడా. తమ్ముడు బయటున్నాడని తెలిసే, వాడు లోపలికి రాకుండా నేనే గట్టిగా పట్టుకున్నాను. అన్నయ్య చూశాడు. తాత తప్పు ఏం లేదు. వెళ్ళి తాతకీ, నాన్నకీ నేనే చెప్పొస్తాను. అందాకా తమ్ముణ్ణి మీరు పట్టుకోండి."