ఎడమ స్పీకర్

మా ఆయనకి ఏ స్పీకర్లూ ఆనవు. వేసవి మొదలైనప్పటినుంచి ఇంట్లోకి వచ్చిన జతలన్నీ వచ్చిన అట్టపెట్టెల్లోనే వెనక్కి వెళ్లాయి. అన్నిటికీ ఒకటే జబ్బట, ఎడమది సరిగా పలకదట. వినీ వినీ నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆయన పని మీటింగుల రికార్డింగులు విని టైపు చేయడం. పొద్దున్నే కిటికీ పక్క కంప్యూటర్ ముందు కూర్చుంటారు. ఎడమ పక్క వంటింట్లోంచి భోజనానికి ఎంత పిలిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. హెడ్‌ఫోన్లు పెట్టుకోమంటే చెవులు ఉడికిపోతాయంటారు. ఈమధ్య ఆయన టైపు చేసినవాటిలో కొందరి మాటలు మొత్తానికే ఎగిరిపోతున్నాయని ఆఫీసు గొడవ. ఇంకొక్కసారి ఇలా జరిగితే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తామని పోయిన వారం సూపర్‌వైజరమ్మ తెగేసి చెప్పింది. మా ఇల్లు గడిచేది ఆ పనితోనే.

స్పీకర్లు పరీక్షించడానికి ఆయనకో పద్ధతుంది. మా అమ్మాయి చిన్నప్పుడు ఏడో ఎక్కం అప్పజెప్పిన రికార్డింగు పెడతారు. అందులో కుడి స్పీకర్లోంచి పిల్ల గొంతు వస్తుంది. ఎడమదాంట్లోంచి "తప్పు! మళ్లీ చెప్పు!" అని నా అరుపు. రెండూ సమానంగా వినపడాలి, అదీ లెక్క. చవకవి పెడితే రేకు డబ్బా మోగినట్టుందన్నారు. బల్ల కింద పెద్ద పెట్టె పెట్టే సెట్టు తెస్తే కిటికీ అద్దాలు అదిరాయి, మాట మాత్రం ముద్దయిపోయింది. పోనీ అని ఖరీదైనవి తెచ్చాం. పిల్ల పక్కనే కూర్చుని చెబుతున్నట్టుందట, నా అరుపేమో పక్క వీధిలోంచి వస్తోందట.

"ఇంత డబ్బు పోసి సగం శబ్దమా?" అని ఒకటే చిందులు.

షాపాయన చేతులెత్తి దండం పెట్టాడు. "అమ్మా, ఇదే చివరి జత. దీన్నీ వెనక్కి తెస్తే నేను తీసుకోను, మీ ఇష్టం."

ఆ చివరి జత నిన్న పొద్దున బల్లమీదికెక్కింది. ఏడో ఎక్కం మొదలైంది. ఆయన మొహం మాడిపోయింది.

"ఇదీ అంతే. ఎడమది చచ్చింది."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట మీలాంటివాడే! గుమ్మంలో నిలబడ్డ నాకు శుభ్రంగా వినపడుతోంది కదండీ!"

"నీకేం తెలుసే స్పీకర్ల సంగతి!"

"ఏమీ తెలీదు. చూడండి!" అని విసురుగా వెళ్లి, రెండు స్పీకర్లూ ఎత్తి అటుది ఇటు, ఇటుది అటు పెట్టేశాను. రికార్డింగు మళ్లీ మొదటినుంచి పెట్టాను. ఇప్పుడు కుడివైపునుంచి నా అరుపు ఖంగుమంది.

ఆయన మొహం వెలిగిపోయింది. "అదీ! చూశావా, ఎంత బాగా పలుకుతోందో! తీగ ఎక్కడో వదులై ఉంటుంది. అనవసరంగా ఆ షాపాయన్ని..."

అంతలోనే ఆగి, తల అటూ ఇటూ తిప్పారు. "మరి పిల్ల గొంతేంటే అంత దూరం పోయింది?"

పిల్ల గొంతు ఎక్కడికీ పోలేదు. ఆయన ఎడమ భుజం పక్కనే ఉంది. నా చూపు ఆయన ఎడమ చెవి మీద ఆగింది. ఎప్పుడూ కయ్యిమనేదాన్ని అలా నిలబడిపోవడం చూసి ఆయనకి ఏదో అర్థమైనట్టుంది.

"ఆఫీసువాళ్లు అన్న ఆ ఎగిరిపోయిన మాటలు..." అన్నారు. వేలితో కుడి చెవి గట్టిగా మూసుకుని, స్పీకర్లవైపే చూస్తూ కూర్చున్నారు.

కాసేపయ్యాక, "ఆపేశావా?" అని అడిగారు.

ఎక్కం నడుస్తూనే ఉంది. నేను ఆయన కుడివైపుకి వెళ్లి, ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించి, "లేదండీ" అన్నాను.